వేపకొమ్మ కట్టిన ఒక్క ఇల్లు

పోయిన చలికాలం సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు కరీంనగర్‌లో నాకు సన్మానం చేశారు. నేను చదువుకున్న బడి ఆవరణలోనే షామియానా వేశారు. పూలదండ, శాలువా, నిర్మల్ బొమ్మల పటం ఒకటి. ప్రపంచ దేశాల్లో అంటువ్యాధుల మీద పనిచేస్తున్న మన జిల్లా బిడ్డ అన్నారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఒక వక్త లేచి, మశూచి ఊళ్లకు ఊళ్లను పీడిస్తున్న రోజుల్లో నేను ఆదిలాబాదు జిల్లాలో ఒక చాకలామె బట్టల మూటను పట్టుకుని రోగం గుట్టు ఎట్లా బయటపెట్టానో చెప్పాడు. ఆయన చెప్పే తీరుకు జనం నవ్వారు. "మూట విప్పితే రోగం దొరికింది" అన్నాడు. చప్పట్లు మోగాయి.

నా వంతు వచ్చినప్పుడు, అది అట్లా జరగలేదని చెప్పబోయాను. "మీరు ఇప్పుడు విన్న కథలో" అని మొదలుపెట్టగానే అధ్యక్షుడు నా చెవి దగ్గరికి వంగి, "సార్, పెద్దసార్లు లేవాల్నట, జర జల్దీ కానియ్యుండ్రి" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మైకు కూత పెట్టింది. దాన్ని సరిచేసే మనిషి చాయ తాగడానికి పోయాడట. చివరికి అందరికీ దండం పెట్టి కూర్చున్నాను. తర్వాత మాట్లాడినాయన నా వినయాన్ని మెచ్చుకున్నాడు.

ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను. వక్త మీద కోపం కాదు. ఆ కథ ఆయన కల్పించింది కాదు, నేను రాసిందే చెప్పాడు.

మాది చొప్పదండి పక్కన ఒక పల్లె. బడిలో ఉర్దూ, ఇంట్లో తెలుగు. హైదరాబాదులో డాక్టరు చదువు చదివి, నైజాం పాలన పోయిన కొన్నేళ్లకు ఆరోగ్యశాఖలో చేరాను. దవాఖానలో కూర్చుని గోలీలు రాసిచ్చే పని నాకు నచ్చలేదు. రోగం ఒక మనిషిని ఏం చేస్తుందన్న దానికంటే, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎట్లా పోతుందన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. అందుకే ఎవరూ కోరని ఆదిలాబాదు కోరుకుని వెళ్లాను. ఒక జీపు, టీకాలు వేసే మనుషులు కొందరు, ఐసు కరిగిపోయిన డబ్బాల్లో మందు. ఎండకు ఆ మందు చచ్చిపోయేది. చచ్చిన మందుతో వేసిన టీకా పొక్కేది కాదు. అట్లాంటి టీకా వేయించుకున్న మనిషికి తర్వాత అమ్మవారు పోస్తే, అంటే మశూచి వస్తే, జనం టీకాను తిట్టేవాళ్లు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ అప్పుడు నేను వాళ్లనే తప్పుపట్టేవాణ్ని.

ఆ ఊళ్లలో ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గడపకు వేపకొమ్మ కట్టేవాళ్లు. కొమ్మ ఉన్నన్నాళ్లు ఆ ఇంటికి చుట్టం రాడు. పొరుగింటామె నిప్పు కోసం రాదు. మంగలి గడ్డం గీయడానికి రాడు, చాకలి బట్టలకు రాదు. లోపల తాలింపు కూడా పెట్టరు. పొక్కులు ఎండి, చెక్కులు రాలి, రోగికి తలమీద నీళ్లు పోసి, పోచమ్మకు బోనం పెట్టాకే కొమ్మ తీసేవాళ్లు. వాళ్లు భక్తితో చేసేవాళ్లు. కానీ రోగి ఉన్న ఇంటిని ఊరి నుంచి విడదీయడానికి అంతకంటే మంచి ఏర్పాటు నేను తర్వాత తిరిగిన ఏ దేశంలోనూ చూడలేదు. అప్పుడు మాత్రం నాకు అందులో ఒక్కటే కనిపించింది. రోగం ఏ ఇంట్లో ఉందో జీపు దిగకుండానే తెలుసుకోవచ్చు.

అదే నా పద్ధతి అయింది. ఊళ్లోకి పోవడం, కొమ్మ ఉన్న గడప ముందు జీపు ఆపడం, పోలీసును ముందు పెట్టుకుని లోపలికి పోవడం. ఇంటిల్లిపాదికీ టీకాలు వేసేవాళ్లం. వద్దంటే రెక్కలు పట్టుకుని వేసేవాళ్లం. రోగి పడుకున్న చాప, బొంత వాకిట్లో వేసి తగలబెట్టేవాళ్లం. రోగిని ఊరి బయట వేసిన పాకలోకి మార్చేవాళ్లం. ఒక ఇంట్లో ముసలమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"అమ్మతల్లి నిమ్మలంగ పండుకున్నది కొడుకా. చెప్పులిడిచి రా" అంది.

"చెప్పులు ఇడిచేటందుకు టైం లేదు అవ్వా."

"టైం లేనోనివి మా ఇంటికెందుకొచ్చినవ్ మరి?"

మా పోలీసు నవ్వాడు. నేను నవ్వలేదు. ముసలమ్మను పక్కకు జరిపించాను.

ఈ వార్త నా జీపు కంటే ముందు పోయింది. అంగడికి వచ్చిన వాళ్లు అంగడి సరుకుతో పాటు దాన్నీ మోసుకుపోయారు. ఆ ఎండాకాలం నడిమికి వచ్చేసరికి నేను పోయిన ఊళ్లలో గడపలకు కొమ్మలు కనిపించలేదు. వీధి వీధి తిరిగి చూశాను, లేవు. నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కొమ్మ లేదు కాబట్టి రోగం లేదని పై అధికారికి రాశాను. ఆయన నా భుజం తట్టి, మిగిలిన తాలూకాల వాళ్లకు కూడా నా పద్ధతి నేర్పమన్నాడు. ఊళ్లలో రోగం తగ్గలేదు. కొమ్మ కట్టడం మానేశారు, అంతే. మాకు భయపడి మానేశారు. కొమ్మ లేని ఇంటికి చుట్టాలు వచ్చారు, పొరుగింటామె నిప్పుకు వచ్చింది, చాకలి బట్టలకు వచ్చింది.

నిర్మల్ దిక్కు ఒక ఊళ్లో అమ్మవారు గట్టిగా పోసిందని కబురు వచ్చేసరికి నేను జిల్లాలో పేరున్న డాక్టర్ని. ఆ ఊరి పటేలు మాకు బస ఇచ్చాడు, బండ్లు ఇచ్చాడు, అన్నం పెట్టించాడు. ఊరంతా తిరిగితే కొమ్మ కట్టిన ఇల్లు ఒక్కటే దొరికింది. అది చాకలోళ్ల ఇల్లు. లోపల చాకలామె భర్త ఒళ్లంతా పొక్కులతో పడి ఉన్నాడు. ఆమెకు చిన్నతనంలోనే పోసిందని ముఖం మీది గుంటలే చెబుతున్నాయి. ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ పోయదు. అందుకే ఆమె నిలబడి ఉంది, ఆయన పడి ఉన్నాడు.

రోగం ఉన్న మిగిలిన ఇళ్లను మేం తలుపులు తట్టి వెతికి పట్టుకున్నాం. అన్నీ ఆమె బట్టలు ఉతికే ఇళ్లే. ఊరంతటికీ చాకలి ఇల్లు అదొక్కటే అయినప్పుడు ఇంకెట్లా ఉంటాయి? ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. కొమ్మ ఉన్న ఇల్లు, బట్టల మూట, ఇంటింటికీ తిరిగే ఆడమనిషి. నా మనసులో లెక్క అప్పటికే కుదిరిపోయింది.

పటేలు అరుగు మీద కూర్చుని ఆమెను పిలిపించాను.

"రోగం పెట్టుకుని ఊరి బట్టలు ఎట్ల ఉతికినవ్?" అన్నాను.

"నా ఇంట్ల పోసినకాడినుంచి ఎవ్వల బట్ట ముట్టలేదు దొరా. కొమ్మ కట్టిన గద."

"మరి ఊరికి ఎట్ల వచ్చింది?"

ఆమె పటేలు దిక్కు చూసింది. పటేలు కండువా సవరించుకున్నాడు.

"కొమ్మ కట్టనోళ్ల ఇంట్ల కెల్లి వచ్చింది" అంది. "బట్టలేసినంక మూట ఇప్పిండు నా మొగడు. ఇప్పితే చెక్కులు రాలినయ్. గడపకు కొమ్మ లేకపోతే నాకెట్ల తెలుస్తది? కొమ్మ కడితే నువ్వొచ్చి బొంతలు తగలవెడ్తివి. కట్టకపోతే మేం కాలవడ్తిమి."

"నోరు ముయ్" అన్నాను నేను. పటేలు కూడా అనలేదు ఆ మాట. నేనే అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. ఆ ముందురోజు అదే అరుగు మీద చాయ తాగుతుంటే, లోపలి తలుపు సందులోంచి పటేలు మనుమడు తొంగిచూశాడు. ముఖం మీద పొక్కులు ఎండి రాలిన కొత్త మచ్చలు, ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఎవరో వెనక్కి లాగేశారు. మచ్చలు చూసి రోగం ఎప్పుడు వచ్చిందో చెప్పగలగడం నా చదువు. ఆ పిల్లవానికి ఊళ్లో అందరికంటే ముందు పోసింది. అంతేకాదు, చాకలామె భర్త, పటేలు ఇంటికి వచ్చిపోయే మరికొందరు ఇంచుమించు ఒకేసారి మంచం పట్టారు. మశూచి ఒకరి నుంచి ఇంకొకరికి అంటి బయటపడడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఒకేసారి పడ్డవాళ్లు ఒకరికొకరు అంటించుకోలేదన్న మాట. అందరికీ అంతకుముందే ఒకచోట అంటింది. వైద్య విద్యార్థికి కూడా తెలిసే సంగతి ఇది. పల్లెజనం రోజులు సరిగా గుర్తుపెట్టుకోరని చెప్పి దాన్ని కొట్టిపారేశాను.

పటేలును కాదంటే బండ్లు రావు, పాకకు వాసాలు రావు, టీకాలకు జనం రారు. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం అది. ఇంకో కారణం కూడా ఉంది. పటేలు ఇల్లే మూలమని రాస్తే, ఆ ఇంటికి కొమ్మ ఎందుకు లేదని పైవాళ్లు అడుగుతారు. దానికి జవాబు నేనే.

నేను చెప్పేవరకు చాకలామెకు ఎవరూ బట్టలు వేయవద్దని పటేలుతో ఊరంతా చెప్పించి జీపు ఎక్కాను. ఆమె భర్త ఆ వారంలోనే పోయాడు. ఊళ్లో రోగం తగ్గింది. నేను ఇంకో ఊరికి, ఆ తర్వాత ఇంకో జిల్లాకు పోయాను. మళ్లీ వచ్చి బట్టలు వేయవచ్చని చెప్పాలన్న సంగతి నాకు గుర్తే రాలేదు.

ఆ ఊరి మీద నేను ఇంగ్లీషులో రాసిన వ్యాసం నన్ను పైకి తెచ్చింది. చాకలి ఇంట్లో పుట్టి, బట్టల మూటల ద్వారా ఊరంతా పాకిన మశూచి. చదవడానికి చక్కగా ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదుకు, అక్కణ్నుంచి ఢిల్లీకి, తర్వాత విదేశాలకు. ఎక్కడికి పోయినా ఆ వ్యాసం నాకంటే ముందు పోయి కూర్చునేది. నేనే దాన్ని పాఠంగా చెప్పాను. ఒక దేశంలో నా దగ్గర శిక్షణకు వచ్చిన నర్సు ఒకామె పాఠం అయ్యాక అడిగింది. మా ఊళ్లో రోగం ఉన్న ఇంటి ముందు తాడు కడతాం, సైనికులు వచ్చి ఇళ్లు కాల్చడం మొదలుపెట్టాక కట్టడం మానేశాం, మీ ఊళ్లో అట్లాంటి గుర్తేమీ లేదా అంది. లేదని చెప్పాను. ఆ రాత్రి కూర్చుని ఆ వ్యాసాన్ని మొదటి నుంచి మళ్లీ చదివాను.

దాన్ని అచ్చువేసిన పత్రికకు సవరణ రాసి పంపాను. బట్టల ద్వారా రోగం పాకుతుందన్న ముఖ్య విషయం మారదు కాబట్టి, ఇన్నేళ్ల తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడి సవరణ వేయలేమన్నారు. మర్యాదగా రాశారు. మళ్లీ రాశాను. జవాబు రాలేదు. మా పై అధికారికి చెబితే, "మీరు బాగా అలిసిపోయారు" అన్నాడు. నేను అబద్ధం రాసినప్పుడు ఒక్కరూ ఆధారం అడగలేదు. నిజం చెబుతానంటే అందరూ అడుగుతున్నారు.

సన్మానం అయిన మూడోనాడు నేను బస్సెక్కి ఆ ఊరికి పోయాను. బస్సు ఆగేచోట చాయ హోటల్లో అడిగితే, ఆమె ఊరు విడిచి ఒక బొగ్గుగనుల ఊరికి పోయిందని చెప్పారు. అక్కడికి పోయాను. గనుల దవాఖానలో రోగుల బట్టలు ఉతికే పనిలో ఉంది. పని దిగి ఇంటికి వచ్చేదాకా కాచుకుని, వాకిట్లో ఎదురుపడ్డాను. జుట్టు నెరిసింది, మనిషి గట్టిగానే ఉంది.

"ఎవలు?"

"నేనక్కా. టీకాల డాక్టర్ని."

కాసేపు చూసింది. "జీపు సారువా! జీపేడ వెట్టినవ్?"

"లేదు. బస్సుల వచ్చిన."

"అయితే కూసో. జీపుల వచ్చి ఉంటే వాకిట్లకెల్లే ఎల్లగొడుదు."

నులక మంచం వాల్చింది. నేను వచ్చిన పని చెప్పాను. తప్పు రాశానని, పటేలు ఇల్లని నాకు అప్పుడే తెలుసని చెప్పాను. ఆమె వింటూ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.

"ఇందుల నాకు తెల్వనిదేమున్నది సారూ? నాకు తెల్సిందే నాకు చెప్పవట్టె" అంది.

"నేను ఇప్పుడు ఏం చెయ్యాల్నో చెప్పు అక్కా."

చేట పక్కన పెట్టింది. "నువ్వు చెప్పేదాంక బట్టలెయ్యద్దన్నవ్. చెప్తవేమోనని చూసిన. ఇంటింటికి పోయిన. దూరంకెల్లే పొమ్మన్నరు. అడుక్కున్న. పెండ్లిళ్లకు పిలవలేదు, సావులకు పిలవలేదు. నా మొగన్ని పెట్టిన బొంద ఆడనే ఉన్నది, ఇల్లు ఆడనే ఉన్నది. ఇప్పటికన్న వచ్చి చెప్పు. నేను గూడ వస్త."

రెండురోజుల తర్వాత ఇద్దరం ఆ ఊళ్లో పంచాయతీ అరుగు ముందు నిలబడ్డాం. పటేలు చనిపోయాడు. ఆయన కొడుకు ఇప్పుడు సర్పంచి. పది పదిహేను మంది పోగయ్యారు. దారిలో మనసులో అల్లుకున్న మాటలన్నీ చెప్పాను. రోగం మొదట ఎక్కడ వచ్చిందో చెప్పాను. కొమ్మలు కట్టకుండా చేసింది నేనేనని చెప్పాను. ఈమెకు బట్టలు వేయవద్దన్న మాట తప్పని, ఆ మాట ఈరోజుతో తీసేస్తున్నానని చెప్పాను.

వెనక నుంచి ఒక ముసలాయన, "గిప్పుడా సారూ? మీ జీపు గింత మెల్లగ నడిచిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

సర్పంచి నవ్వలేదు. మంచివాడిలాగే ఉన్నాడు. "సారూ, గది ఊరికి తెల్వని ముచ్చటనా?" అన్నాడు. "మా పోరనికే పోసింది. నీ జీపుకు భయపడి దాసినం. అందరికెర్కే."

"ఎర్కైతే ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నరు?"

"సర్కారు డాక్టరే చాకలోళ్లకెల్లి వచ్చిందని రాసె. మాకెల్లి వచ్చిందని మేమొచ్చి చెప్పాల్నా?"

ఆయన అరుగు చివర నిలబడ్డ ఒక మనిషిని చూపించాడు. బట్టల మూట భుజాన ఉంది. పక్కన భార్య, ఆమె కొంగు పట్టుకుని ఇద్దరు పిల్లలు.

"గీళ్లను మహారాష్ట్ర దిక్కుకెల్లి తెచ్చుకున్నం. వచ్చి ఏండ్లాయె. ఇప్పుడు ఆమెకు బట్టలేస్తె గీళ్లు ఏడికి పోవాలె? నువ్వే చెప్పు సారూ. నువ్వు చెప్పినట్టే చేస్తం."

మళ్లీ నన్నే చెప్పమంటున్నాడు. ఆ ఊళ్లో నేను పలికే ఏ మాటైనా ఎవరో ఒకరి ఇంటి మీద పడుతుంది. ఆ మూట మనిషి ఆమె దిక్కు చూసి, "బాయీ, మీరొస్తె మేం పోవాల్నా?" అన్నాడు.

"నువ్వెందుకు పోతవ్ రా" అంది ఆమె. "ఒకలను ఎల్లగొట్టిర్రు, సాలు. ఉతుక్కో." సర్పంచి చాయ తెమ్మని కేక వేస్తుండగానే ఆమె బయటికి నడిచింది. తన ఇంటి దిక్కు పోతుందనుకున్నాను. పోలేదు. బస్సు ఆగేచోటికి వచ్చి కూర్చుంది.

నేను పక్కన కూర్చుని, ఇదంతా తెలుగులో రాస్తానని చెప్పాను. ఊరి పేరు, పటేలు పేరు, ఆమె పేరు అన్నీ పెట్టి, ఎవరికీ అనుమానం లేకుండా రాస్తానన్నాను.

"నా పేరు రాయకు" అంది.

"నీ పేరు లేకపోతే ఎట్ల అక్కా? నీ మీద పడ్డ మాట పోవాల్నంటే నీ పేరు ఉండాలె గద."

"దవాఖానల రోగమోళ్ల బట్టలు నా చేతికిస్తుర్రు. మూటల అమ్మవారిని మోసిన చాకలిది నేనే అని తెలిస్తె ఉంచుతరా?"

"నువ్వు మోయలేదనే గద నేను రాసేది."

"నువ్వు మోయలేదని రాస్తవ్ సారూ. ఆళ్లు మోసిందని సదువుతరు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఊరి పేరు కూడా వద్దని అక్కణ్నుంచే చెప్పింది.

ఆ ఇంగ్లీషు వ్యాసంలో ఆమె పేరు, భర్త పేరు, కులం, ఊరు అన్నీ ఉన్నాయి. అప్పట్లో అట్లాగే రాసేవాళ్లం. అది ఇప్పటికీ చాలాచోట్ల పాఠంగా చెబుతున్నారు. ఇందులో ఒక్క పేరు కూడా పెట్టడానికి నాకు వీలులేదు. పేర్లు లేని ఈ మాటలు ఎంతవరకు పనికొస్తాయో తెలియదు. అయినా ఆ వ్యాసంలో ఉండవలసిన నాలుగు మాటలు ఇక్కడ పెడుతున్నాను.

ఆ ఊళ్లో మశూచి మొదట వచ్చింది పటేలు ఇంటికి. వాళ్లు దాన్ని దాచింది మా బలవంతానికి భయపడి. చాకలి ఇంటికి రోగం పటేలు ఇంటి బట్టల నుంచి వచ్చింది. తన ఇంట్లో రోగం కనిపించగానే ఆమె కొమ్మ కట్టింది, బట్టలు ముట్టడం మానింది. ఆమెకు బట్టలు వేయవద్దని నేను చెప్పిన మాటకు ఏ ఆధారమూ లేదు.